పేరిందేవమ్మ వేసిన ముడి

భావన్న అరికాళ్ళు మండుతున్నయ్యంట. రోహిణీ కార్తెలో చెప్పుల్లేకుండా తారు రోడ్డు మీద నిలబడ్డట్టు. రోడ్డు మీద కాదు నాయనా, మంచం మీద, అదీ చలికాలంలో. నా మాటలు ఎక్కించుకునే ఆ ఫోను కొంచెం ఇటు జరుపు, అరిచి చెప్పే ఓపిక నాకు లేదు. భావన్నంటే మా నేతపేటలోనే, మా ఇంటికి ఎదురు వరస. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని తొక్కే గుంట మగ్గం, నలభై ఏళ్ళ నేత. ఆయన నేసిన చీర ఎండకి ఎత్తి పట్టుకుని చూసినా ఒక్క పోగు తప్పు కనపడదు. అట్టాంటోడికి చక్కెర జబ్బు వచ్చి పన్నెండేళ్ళయింది. మాత్రలేసుకుంటాడు, ఒకరోజు మరుస్తాడు, పెళ్ళాం తిడద్ది, మళ్ళా వేసుకుంటాడు. అట్టా గడిచిపోతా ఉంది. పోయిన యేడు కాదు, ఆ ముందు యేడు, ఏమైందంటే, కాళ్ళల్లో మంటలు మొదలైనయ్. పగలు మగ్గంలో కూర్చుని తొక్కుతా ఉంటే తెలీదంట, మంచం ఎక్కితే చాలు, దుప్పటి తగిలినా మంటే. ఒకసారి చీమలు పాకినట్టు, ఒకసారి సూదులు గుచ్చినట్టు. తమాషా ఏందంటే, అంత మంట పుట్టే కాలిని గిల్లి చూడు, తెలీదు. ముల్లు గుచ్చినా తెలీదు. మంట ఉంది, స్పర్శ లేదు. ఈ ముక్క గుర్తు పెట్టుకో, కథంతా దీని మీదే నడిచిద్ది.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు గదా. ఆ నిద్రే రాకపోతే పట్టె మంచం ఉండి ఏం చేసుకుంటావ్? కాలు గాలిన పిల్లి లాగా ఇంట్లో తిరిగేవాడు భావన్న. తిరిగి తిరిగి బకెట్లో నీళ్ళు పోసుకుని అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. ఇంక తెల్లారి మగ్గం ఎక్కితే కునుకు. కునుకులో ఎడమ కాలు తొక్కాల్సిన చోట కుడి కాలు తొక్కడం. ఒకరోజు చీర అంచులో బెత్తెడు మేర నేత తప్పింది. ఎవరూ చూడలా, ఆయనే చూసుకున్నాడు. చూసుకుని, అడ్డపోగు తోలే నాడె పక్కన పెట్టి, మగ్గానికి దండం పెట్టి గుంటలోంచి పైకొచ్చేశాడంట. పేరిందేవీ, నిద్ర లేని కాళ్ళు మగ్గానికి పనికిరావు, ఇంక నేను ఈ గుంటలో దిగను అన్నాడు. అని గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. నలభై ఏళ్ళలో ఆ మడిసి ఏడవటం అదే మొదలు.

పేరిందేవమ్మంటే ఆయన పెళ్ళాం, సొంత అక్క కూతురే. నాకు వదిన వరస. మడిసి జానెడు, పట్టుదల బారెడు. చదువు లేదు గాని ఒకసారి విన్నదంటే మర్చిపోదు, ఒకసారి పట్టిందంటే వదిలిపెట్టదు. ఏమందీ? "గుంట దిగనంటే పది రోజుల్లో మంచం దిగవు మావా. మీ నాయన అట్టాగే పోయాడు, నేను చూడలేదా? ఏడవమాక. నీ కాళ్ళ సంగతి నాకొదిలెయ్, నిన్ను మళ్ళా ఈ గుంటలో కూర్చోబెట్టకపోతే నా పేరు పేరిందేవి కాదు" అంది. అని నూలు కండెలు చుట్టే రాట్నం అట్టానే వదిలేసి ఆయన్ని రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయింది. మా ఊరి చిన్నాసుపత్రిలో కరుణమ్మ అని నర్సమ్మ ఉండేది. మంచిదే గాని మాట కటువు.

డాక్టరు గారు చూసి మాత్రలు రాసిచ్చాడు. బయటికొచ్చాక కరుణమ్మ కూర్చోబెట్టి చెప్పిందంట. "పెద్దమ్మా, చక్కెర వల్ల నరాలు దెబ్బతిన్నయ్. డాక్టరు గారి మాత్ర ఒక్కరోజు కూడా ఆపొద్దు. దానికి తోడు ఇంకోటి చెప్తా. నొక్కుడు వైద్యం. ఆక్యుప్రెషర్ అంటారు, మాకు ట్రైనింగులో నేర్పారు. మంటని మాయం చెయ్యదు, కొందరికి నెమ్మదిస్తుంది, నిద్ర పడుతుంది. చేసి చూడు" అని తన కాలు మీదే చూపించింది. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళు కొలిచి, అక్కణ్ణించి బయటి పక్కకి ఒక వేలు. అదొక చోటు. లోపలి పక్క చీలమండకి నాలుగు వేళ్ళ పైన, అదొకటి. అరికాల్లో, వేళ్ళు ముడిస్తే గుంట పడే చోటు ఒకటి. మణికట్టు మడత మీద చిటికెనవేలి వైపు ఇంకొకటి, అది నిద్రకి. బొటనవేలితో, గోరు తగలకుండా, నిదానంగా, ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు. పుండున్న చోట, వాచిన చోట ముట్టుకోవద్దు. ఇంకా ఏం చెప్పిందంటే, రోజూ పొద్దున్నే అరికాళ్ళూ వేళ్ళ సందులూ వెలుతురులో పెట్టి చూడు, ఆయనకి తగిలింది తెలీదు గనక నువ్వే చూడాలి అని. పేరిందేవమ్మ అన్నిటికీ తలూపింది. నొక్కడం అంటే పని, చూడటం ఏం పనిలే అనుకుంది మనసులో. అదే, అక్కడే జరిగింది పొరపాటు. ఒకటి కాదులే, రెండోది కూడా ఉంది, చెప్తా.

మొదటి రోజు నొక్కబోతే నొక్కాల్సిన చోటు దొరకలా. ఎందుకంటావా, తన వేళ్ళతో కొలిచింది. ఎవరి కాలైతే వాళ్ళ వేళ్ళతోనే కొలవాలంట, ఆ ముక్క నర్సమ్మ అప్పుడు చెప్పలా. ఈమె వేళ్ళు చూస్తే పిల్లల వేళ్ళు, ఆయన కాలు చూస్తే తాటి దుంగ. మళ్ళా పోయి అడిగొచ్చింది. ఈసారి ఆయన చెయ్యే పట్టుకుని ఆయన కాలి మీద పెట్టి కొలిచింది. చోటు దొరికింది. ఇంక రోజూ ఈ కొలతలు యాడ కొలుస్తాంలే, గుర్తు పెట్టుకుంటే పోలా అనుకుంది. గుర్తంటే మా నేతోళ్ళకి పోగే నాయనా. చీర మొదలు ఇక్కడ, కొంగు ఇక్కడ అని రంగు పోగు కట్టి పెట్టుకుంటాం. మీరు కాయితం మీద రాసుకుంటే మేం పోగు కట్టుకుంటాం. గంజి పెట్టిన ఎర్ర పోగు తెచ్చి, ఎడమ మోకాలి కింద ఒకటి, చీలమండ మీద ఒకటి, మణికట్టుకి ఒకటి కట్టింది. అరికాలి గుంటకి పోగు నిలవదు గదా, దానికి నేరుగా పైనున్న రెండో వేలికి ఒకటి కట్టింది, ఈ వేలి నుంచి కిందికి రావాలి అని. మా ముడి సంగతి నీకు తెలీదు. తెగిన పోగుని అతికే ముడి అది. లాగే కొద్దీ బిగుసుద్దే గాని ఊడదు. పేరిందేవమ్మ ముడి అయితే మరీను, పేటలో ఆడోళ్ళంతా ఆమె దగ్గరే నేర్చుకున్నారు.

నాలుగు రోజులు నొక్కితే ఏమీ లేదు. ఐదో రోజు, ఇదేం పిచ్చే, నీ వేళ్ళు నెప్పి పుట్టడం తప్ప అన్నాడంట. నోరు మూసుకుని కాలు చాపు మావా అందంట. వారం. పది రోజులు. నాడె అటొకసారి ఇటొకసారి పోయినట్టు నూరు లెక్కపెడతా నొక్కేది, ఒక్కో చోట. పన్నెండో రోజున ఏమైందంటే, నొక్కుతా ఉండగానే గురక వినపడింది. ఈమె బిత్తరపోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందంట, ఊపిరి ఆడుతుందా లేదా అని. ఆడుతుంది. నిద్రపోయాడు, అంతే. పాలబ్బాయి గంట కొట్టేదాకా లేవలా. అట్టా మూడు వారాలకి, మంట పూర్తిగా పోలేదు గాని సగానికి సగం నెమ్మదించింది, రాత్రికి ఐదారు గంటలు కన్ను మూత పడుతుంది. మళ్ళా మగ్గం ఎక్కాడు. టకటకా మగ్గం చప్పుడు వినపడితే నేను మా గుమ్మంలోంచి చూశా, పేరిందేవొదిన రాట్నం దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంటా ఉంది. ఏందొదినా అంటే, కంట్లో నూగు పడిందిలే అంది. నూగంట.

ఇప్పుడు పేట సంగతి చెప్తా. మా పేటలో ఇంటికొక చక్కెర జబ్బు. కూర్చుని చేసే పని గదా. భావన్నకి నిద్ర పట్టిందని తెలిసేసరికి అందరి చూపూ ఆ ఎర్ర పోగుల మీదే పడింది. నొక్కడం ఎవరికి కనపడిద్ది, తలుపేసుకుని చేసేది. పోగు కనపడిద్ది. పిన్నీ నాకొకటి కట్టు, అత్తా నాకొకటి కట్టు అని వరస కట్టారు. ఆమె ముందు చిరాకు పడింది, ఇది తాయెత్తు కాదు, ఉత్త గుర్తు, కింద నొక్కుకోవాలి అని చెప్పింది. సరేసరే కట్టు అన్నారు. కాదనలేక కట్టింది. నాకూ చక్కెరే, నేనూ కట్టించుకున్నా, ఎందుకు అబద్ధం చెప్పాలి, కాలి రెండో వేలికి. నొక్కుకున్నావా అని అడగమాక. రెండు రోజులు నొక్కుకుని మానేశా, పోగు మాత్రం ఉంచుకున్నా. అట్టా గుర్తు కాస్తా తాయెత్తు అయి కూర్చుంది. ఇంకో విడ్డూరం, అందరికీ ఉత్త గుర్తే అని చెప్పిన మడిసి, నెల తిరిగేసరికి తనే ఆ పోగులు విప్పడానికి భయపడింది. చోట్లు చేతికి అలవాటయినయ్, లైటు ఆర్పేసి చీకట్లోనే నొక్కేది, గుర్తుతో పని లేదు. అయినా విప్పలా. బాగుపడ్డ మడిసికి ఉన్నది తీస్తే ఏమైద్దో, ఉండనీలే అనుకుంది. భావన్నా అదే మాట, తీయమాకే, నా నిద్ర పోయిద్ది అన్నాడు. పైగా అలవాటు మానకుండా ఎప్పుడన్నా బకెట్లో కాళ్ళు పెట్టుకునేవాడు. తడిస్తే నూలు బిగుసుకుద్దని మా చంటిపిల్లలకి కూడా తెలుసు నాయనా. నేతోళ్ళకి తెలీక కాదు, ఒంటి మీద పోగు కూడా నూలేనని తోచలా.

అమావాస్య వచ్చింది. అమావాస్య నాడు మేం మగ్గం ముట్టం, దులుపుకోవడం, తుడుచుకోవడం, అంతే. పొద్దున్నే భావన్న అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. పేరిందేవమ్మ గుంట ఊడవడానికి చీపురు తీసుకుని దిగింది. దిగి చూస్తే, ఎడమ కాలు తొక్కే కర్రకి చీమలు పట్టినయ్. నల్ల చీమలు, బారు కట్టి. ఎప్పుడూ లేంది ఇక్కడ చీమలేందని చెయ్యి పెట్టి తుడిచి చూసింది. కర్ర మీద మరక. ఎండిన మరక, దాని మీద తడి మరక. చీపురు అక్కడే పడేసి పైకొచ్చి, మావా, ఎడమ కాలు చాపు అంది. ఇప్పుడు నొక్కుతావా ఏందే పొద్దున్నే అన్నాడు నవ్వుతా. చాపు అంది. చాపాడు. రెండో వేలు నేరేడు పండు రంగు తిరిగి, వాచి, పోగు యాడుందో కనపడటం లేదు. మాంసంలోకి దిగిపోయింది. కింద రసి కారుతుంది. నెప్పి లేదా మావా అని అడిగింది. "ఏం నెప్పి? ఏమీ లేదే" అన్నాడు. లేదు, నిజంగానే లేదు.

నేనప్పుడే పోయా మర్నాటికి కండెలు అడగటానికి. ఆమె కత్తెర చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. ముడి ఎక్కడుందో తెలీదు, కోస్తే కాలు తెగిద్దేమో అని భయం. నేనే కట్టానే వదినా, నా ముడే ఇది అంటా ఉంది. ఎంతసేపు, ఒక నిమిషం. తర్వాత లేచింది. కత్తెర రొంటిన దోపుకుని, ఆటో పిలువు అంది. అట్టా పట్నం ఆస్పత్రికి పోయారు, నేనూ పోయా. అక్కడ పెద్ద డాక్టరు చూసి, మిగతా పోగులన్నీ కోసేసి, వేలి మీది పోగు చిన్న కత్తెరతో తీసి తెల్ల గుడ్డ మీద పెట్టాడు. ఇంత పోగు. ఎవరు కట్టారమ్మా ఇది అన్నాడు. నేనేనయ్యా అంది, దాచలా. ఆయన తిట్టలేదు. "వేలు చచ్చిపోయింది, తీసెయ్యాలి. విషం పైకి ఎక్కకుండా చూడాలి. ఎక్కితే పాదం పోతుంది. నలభై రోజులు ఈ కాలు నేల మీద ఆనకూడదు, చక్కెర అదుపులో ఉండాలి. అప్పటికి పాదం నిలబడితే నిలబడ్డట్టు" అన్నాడు. పాదం పోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే నేనెందుకు, చంపెయ్యండి అన్నాడు భావన్న. పేరిందేవమ్మ ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "వేలు నేను తీశా మావా, ఆ పాపం నాదే, మోస్తా. పాదం మాత్రం పోనియ్యను. నువ్వు నలభై రోజులు నా మాట విను, చాలు" అంది.

సాయంత్రం నాతోపాటు తనూ ఊళ్ళోకి వచ్చింది, ఆయనకి పంచెలు తీసుకుపోదామని. ఇంట్లోకి పోలేదు నాయనా. కత్తెర తీసుకుని పేట మీద పడింది. ఇంటింటికీ పోయి, కాలు చాపు, చెయ్యి చాపు, కచ్. ఏందత్తా ఇది, కట్టిందీ నువ్వే, కోసేదీ నువ్వేనా అంటే, అవును, నేనే అంది. బుద్ధి లేక కట్టా, బుద్ధొచ్చి కోస్తున్నా అంది. వీరభద్రం అని మా పేట పెద్ద, నేను తీయనివ్వను, నా నిద్ర పోయిద్ది అని మొండికేశాడు. "నిద్ర పోగులో లేదు బాబాయ్, నొక్కే వేలులో ఉంది. రోజూ నొక్కుకుంటున్నావా?" అంటే కాలు వెనక్కి లాక్కున్నాడు. ఆయనదీ కోసేసింది. మా ఇంటికొచ్చేసరికి నేను చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుని కూర్చున్నా. సిగ్గు లేకుండా చెప్తున్నా, పొద్దున ఆ వేలు చూసొచ్చింది నేనే, అయినా దాచుకున్నా. మడిసి భయం అట్టాంటిది. ఆమె కింద కూర్చుని కుచ్చిళ్ళు ఎత్తి కోసేసింది. నా వేలు చుట్టూ ఎర్రగా గాడి పడి ఉంది. చూశావా అంది. చూశా. మొత్తం పదకొండు పోగులు, పొయ్యిలో వేసింది.

నలభై రోజులంటే మాటలా? పదో రోజుకి ఇంటికి తెచ్చారు. వేలు తీసేశారు, కట్టు కట్టారు. కాలు మంచం మీద దిండు మీద ఉండాలి. మగ్గం మీద చీర సగంలో ఉంది, ఆయన చూపంతా దాని మీదే, ఒంటికాలితో నేస్తానంటాడు. ఏం చేసిందంటే, తనే చీర గోచీ పోసి గుంటలో దిగింది. మా పేటలో ఆడోళ్ళు కండెలు చుడతారు, నిలువు పోగుల పడుగు సాగదీస్తారు, మగ్గం ఎక్కరు. ఊరంతా ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అని మూతులు విరిచారు. విరవనీ. ఆయన మంచం మీంచి ఎడమ, కుడి, ఎడమ అని అరవడం, ఈమె తొక్కడం. మొదటి రోజు మూరెడు నేస్తే అందులో తొమ్మిది తప్పులు. ఆయన తల కొట్టుకున్నాడు. కొట్టుకో మావా, కాలు మాత్రం కింద పెట్టమాక అంది. కరుణమ్మ వారం వారం వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు ఉతికి ఆరేసింది, నేను నొక్కమన్నానా కట్టమన్నానా, చూడమన్నది చూశావా అని. పేరిందేవమ్మ తల వంచుకుని అన్నీ పడింది. పడి, ఇప్పుడు నొక్కొచ్చా మానుకోనా అది చెప్పు అంది. ఆ కాలు ముట్టుకోవద్దు, మణికట్టు నొక్కు చాలు అంది నర్సమ్మ. రోజూ మణికట్టు పట్టుకుని నూరు లెక్కపెట్టేది. కొన్ని రోజులు నిద్ర పట్టేది, కొన్ని రోజులు పట్టేది కాదు. పట్టని రోజు ఇద్దరూ మేలుకుని ఉండేవాళ్ళంట, మర్నాడు మళ్ళా నొక్కేది. మొండోడు రాజు కన్నా బలవంతుడంటారు. మొండిది ఇంకా బలం.

నలభై రోజులు యాభై అయినయ్. పుండు మానింది. పాదం నిలిచింది. డాక్టరు మెత్తటి చెప్పులు రాసిచ్చాడు, అవి లేకుండా అడుగు వెయ్యొద్దన్నాడు, గుంటలో కూడా. భావన్న మగ్గం ఎక్కే రోజు పేటంతా చూడ్డానికి వచ్చాం. ఆయన మగ్గానికి దండం పెట్టుకుని, గుంట అంచున కూర్చుని, దిగబోయి ఆగాడు. ఆగి, రెండు అరికాళ్ళూ ఎత్తి పెళ్ళాం ముందు పెట్టాడు. ఎవరూ చెప్పలా, ఆయనకే తోచింది. ఆమె ఒక్కో పాదం వెలుతురుకి తిప్పి, వేళ్ళ సందులన్నీ విడదీసి, తప్పు పోగు కోసం చీర చూసినట్టు చూసింది. నాలుగు వేళ్ళ పాదం దగ్గర కొంచెం సేపు ఆగింది. ఏమన్నా ఉందా అన్నాడు. ఏం లేదు మావా, దిగు అంది. అప్పుడు మెత్తటి చెప్పులు తొడుక్కుని దిగాడు. అప్పట్నించి మా పేటలో అదే ఆనవాయితీ అయింది. చక్కెర ఉన్నోళ్ళెవరూ అరికాలు చూపించకుండా గుంటలో దిగరు, దిగని ఆడోళ్ళు కూడా రోజూ చూపించుకుంటారు. పెళ్ళాం మొగుడికి, కోడలు అత్తకి, ఎవరుంటే వాళ్ళు చూస్తారు.

ఇంకేముంది, అంతే. నొక్కుడు మంచిదా కాదా అని నన్నడిగితే, నేనూ ఇప్పుడు రోజూ నొక్కుకుంటున్నా, నాలుగు గంటలకి తక్కువ కాకుండా నిద్ర పడుతుంది. మాత్ర మాత్రదే, నొక్కుడు నొక్కుడుదే. పోగు మాత్రం ఎవడన్నా కడతానంటే చెయ్యి విరుస్తా. సరే గాని, కథ విన్నావు, కాఫీ తాగావు, ఊరికే పోతానంటే ఎట్టా? మా కోడలు పొద్దున్నే పుట్టింటికి పోయింది, నా నడుం వంగదు, ఇయ్యాల నా కాళ్ళు ఎవరూ చూడలా. ఆ ఫోను పక్కన పెట్టి, వెలుతురు ఉండగానే ఇటు జరిగి కూర్చో నాయనా. మొహమాటపడమాక. ముందు ఎడమది చూడు.